డెబ్బయ్యో అక్షరం

బరంపురంలో అప్పడాల కొట్టు మీద మేడ.
కింద మినప్పిండి, ఇంగువ.
పైన పదకొండు కుర్చీలు, తొమ్మిది మందిమి.
ఆరు నెలలూ నా చున్నీకి ఇంగువ వాసన.

మొదటిరోజు బిభూతి పొలాయి సార్ అడిగారు ఇల్లెక్కడని.
గోపాల్‌పూర్, లైట్‌హౌస్ అవతల, నోలియా వీధి అన్నాను.
"అయితే నెట్‌వర్కింగ్ నీకు పుట్టుకతోనే వచ్చుండాలే!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇందులో మళ్లీ వల మాటెత్తను.

ఒరియాలో తిట్లు, ఇంగ్లీషులో కోడు.
తెలుగు మాత్రం మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు,
అదీ ఫోన్లో, వదినతో.
"ఇంటర్న్ అంటే ఏమిటే?" అంది వదిన.
పడవలో కొత్తగా ఎక్కిన కుర్రాడు, అన్నాను.
నీళ్లు తోడతాడు. అర వాటా.
వీధంతా అలాగే చెప్పుకొచ్చింది.

నాకిచ్చిన పని చిన్నది:
తుఫాను కబురు పడవల వాళ్ల ఫోన్లకి
మూడు భాషల్లో పంపే ప్రోగ్రాం.
తెలుగు నువ్వు చూడు, వచ్చు కదా, అన్నారు.
వచ్చు. మాట్లాడ్డం వచ్చు.
చదవడం మాత్రం ఇచ్ఛాపురం బస్సుల బోర్డుల మీద
కూడబలుక్కుని నేర్చుకున్నది.

పరీక్షకి మొదటి మెసేజి
దానయ్య బావ బొత్తాల ఫోనుకే పంపాను.

*వాతావరణ హెచ్చరిక: బంగాళాఖాతంలో అల్పపీడనం. రేపు సముద్రంలోకి వేటకు వెళ్ల*

అంతే. అక్కడ ఆగింది.
బావ ఫోన్ చేశాడు:
"ఎల్లొచ్చంటన్నారా, ఎల్లొద్దంటన్నారా?"

తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను.
ఇంగ్లీషుకైతే నూట అరవై దాకా చోటుంది.
మనకి డెబ్బయ్యే.
కంటికి 'వెళ్ల' రెండక్షరాలు, యంత్రానికి అయిదు:
వ ఒకటి, దాని ఎత్వం ఒకటి, ళ ఒకటి,
పొల్లు ఒకటి, కింద వేలాడే ల ఒకటి.
ఆ ల దగ్గర డెబ్బై నిండింది.
'వద్దు' రెండో ముక్కలో పడి
ఏ టవరు కిందో నిద్రపోయింది.

మన మాట కాదనడానికి చివరిదాకా ఆగుతుంది,
ఎదుటివాడి మొహం చూస్తూ,
మధ్యలో మనసు మార్చుకునే సందు ఉంచుకుంటూ.
అప్పు అడగొచ్చినవాడి దగ్గర అది మర్యాదే.
గాలి దగ్గర మర్యాదేమిటి?

ఆ రాత్రి నిద్ర పట్టక గుర్తొచ్చింది
చిన్నప్పుడు ఒడ్డున కారి ఎర్రమ్మత్త
అలల మీదికి విసిరిన కేక:
"వద్దు! వద్దురోయ్! ఎల్లకండి!"
ముందు వద్దు.
కారణం తర్వాత,
వినేంత దూరంలో ఇంకా ఉంటే.

తెల్లారి మార్చి రాశాను:

*వద్దు. రేపు వేటకు వద్దు. అల్పపీడనం.*

ముప్పై అయిదు. సరిగ్గా సగం.

పొలాయి సార్ తెలుగాయన ఎవరికో చూపించారట.
"ఇది వాక్యం కాదు" అన్నాడట ఆయన.
నిజమే. కేక.
మూడు రోజులు ఆ మార్పు ఆమోదం లేక వేలాడింది,
ళ కింద ల లాగా.
నాలుగో రోజు బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.
మాట లేదు.

ఆ ఏడు తుఫాను మావైపు రాలేదు.
నా మెసేజి ఎవరికీ వెళ్లలేదు.
ఫైల్లో రెండు వందల పన్నెండో వరసలో
నోరు తెరుచుకుని కూర్చుంది.
ఎప్పటికీ పనికి రాకూడదని కోరుకునే పని
ఇంకేదైనా చేశానా?

చివరిరోజు ఒక సర్టిఫికెట్టు, ఒక కట్ట అప్పడాలు.
వారం తర్వాత ఇంగ్లీషులో మెయిలు:
నా శ్రద్ధకి కృతజ్ఞతలు, నా కృషికి, నా ఉత్సాహానికి.
నాలుగు పేరాలు.
నేను తిన్నగా ఆఖరి లైనుకి వెళ్లాను.
వాళ్లూ అక్కడే దాచారు.

వదిన అప్పడం కాలుస్తోంది.
"ఏమన్నారే?"
వద్దన్నారు, అన్నాను.
ముందు అదే చెప్పాను.